ఇంకొక్కటి

ఆబిడ్స్‌ని చూడాలంటే ఆదివారం పొద్దున్నే చూడాలి. షట్టర్లన్నీ దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఏటవాలు ఎండ ఆ అట్టల మీద పడుతుంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు. వారమంతా హిమాయత్‌నగర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అంతకంటే సుఖం ఏముంది? మెడలో కెమెరా వేసుకుని నాంపల్లిలోని మా ఇంటి నుంచి నడిచే వెళ్ళేవాణ్ణి.

"పెళ్ళాం ఫొటో ఒక్కటి సక్కగ తియ్యరు గానీ, రోడ్డు మీది పిల్లుల ఫొటోలైతే మస్తు తీస్తరు," అని మా ఆవిడ కృపాజ్యోతి దెప్పిపొడిచేది.

నాకు తోడు మా మామయ్య, అంటే కృప వాళ్ళ నాన్న హెర్బర్ట్. రైల్వేలో రిటైరయ్యాక ఆయనా, అత్తమ్మా మా దగ్గరే ఉంటున్నారు. ఆయనంత మంచి మోడల్ ఎవరికీ దొరకడు. "కదలకండి మామయ్యా" అంటే చాలు, ఊపిరి బిగబట్టేసేవారు. రెప్ప కూడా వేసేవారు కాదు. నేను "అయిపోయింది" అనేదాకా అంతే. నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైన ఫొటో కూడా ఆయనదే. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, పాత అట్లాసుని ముఖం దగ్గరకి తెచ్చుకుని చూస్తున్న ఫొటో.

ఒకసారి నాంపల్లి స్టేషన్ బయట ఆయన్ని నిలబెట్టి ఫొటో తీసి, "అయిపోయింది" అనడం మరిచిపోయి చాయ్‌కి వెళ్ళాను. తాగి వచ్చి చూస్తే అక్కడే ఉన్నారు. అలాగే. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు అయిపోయింది అనలేదు గద బాబూ," అన్నారు.

ఇంటికి వచ్చి అందరం పడీపడీ నవ్వాం. నాలుగేళ్ళ మా యూనీస్ అయితే ఆయన్ని అనుకరిస్తూ హాలు మధ్యలో బొమ్మలా నిలబడిపోయింది. తాతంటే దానికి ప్రాణం.

కొత్త కెమెరా కొన్నాక ఆయనకి ఇంకో సరదా దొరికింది. అది ముఖం ఎక్కడుంటే అక్కడ స్క్రీన్ మీద చిన్న పచ్చ గడి కడుతుంది. గోడమీది కేలెండర్‌లో ముఖానికీ కడుతుంది, బిస్కెట్ పొట్లం మీది పాపాయికీ కడుతుంది. "నాకు కట్టిందా బాబూ, గడి?" అని ప్రతిసారీ అడిగేవారు.

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే. గుంపు ఫొటోలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. అందుకని ఎప్పుడూ ఒకదానితో ఆపకూడదు. "ఇంకొక్కటి" అనాలి.

వానాకాలంలో మామయ్య పోయారు. నిద్రలోనే పోయారు.

మా వాళ్ళలో శవపెట్టె మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చివరి ఫొటో దిగుతారు. కెమెరా ఉన్న అల్లుణ్ణి నేనే కదా. వాకిట్లో పెట్టె పెట్టారు. చెక్క వార్నిష్, తెల్లపూలు, ఆయన రోజూ ఛాతీకి రాసుకునే జిందా తిలిస్మాత్... అన్నీ కలిసిన వాసన. మబ్బు పట్టి ఉంది. మా అత్తమ్మ రత్నమణి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఒక్కటే తియ్యి బాబూ. పెట్టె కాడ రెండోది తియ్యరు. పోయెటోళ్ళను ఆపొద్దు."

తల ఊపాను. తీశాను. స్క్రీన్ మీద చూసుకుంటే మామయ్య తల దగ్గర నిలబడ్డ యూనీస్ కళ్ళు మూసేసింది. తాతతో దాని ఆఖరి ఫొటో. మనసొప్పలేదు. అలవాటైన నోరు ఆగలేదు.

"ఎవరూ కదలకండి. ఇంకొక్కటి..."

బటన్ నొక్కేలోపే వాన దబదబా కురిసింది. పాస్టరుగారు సైగ చేశారు. నలుగురూ కలిసి హడావిడిగా మూత వేసేశారు. కెమెరాని చొక్కాలో దాచుకుని నేనూ అరుగు మీదికి పరిగెత్తాను.

ఆ రెండో ఫొటో తియ్యలేదు. "అయిపోయింది" అని చెప్పనూలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తరవాత యూనీస్ కదలకుండా నిలబడటం మొదలైంది. పళ్ళు తోముతూ ఆగిపోయేది. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయేది. మొదట్లో ఆట అనుకున్నాం. తరవాత తరవాత ఆ ఆగడం పొడుగైంది. పిలిస్తే పలకదు. రెప్ప వెయ్యదు. ముట్టుకుంటే చేతులు చల్లగా ఉండేవి. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. ఒక మధ్యాహ్నం అది ఊపిరి కూడా ఆపేసింది. కృప కేక వేసి గుంజితే పెదాలు నీలంగా మారిన పిల్ల ఒక్కసారి దగ్గింది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. మేం చూడనప్పుడు ఆగిపోతే?

బుధవారం సాయంత్రం కృప, అత్తమ్మ ప్రార్థన కూడికకి వెళ్ళారు. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. బయట వాన. స్టేషన్‌లో ఏదో బండి కూత. అంతలో కరెంటు పోయింది. పొయ్యి ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో హాల్లోంచి వాసన వచ్చింది. వార్నిష్. తడిసిన పూలు. జిందా తిలిస్మాత్.

ఫోన్ లైటు వేసుకుని వెళ్ళాను.

మామయ్య పడక కుర్చీ పక్కన యూనీస్ నిలబడి ఉంది. ఒక చెయ్యి కుర్చీ మీద. పెట్టె దగ్గర ఎలా నిలబడిందో అచ్చం అలాగే. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

"యూనీస్... తల్లీ..."

పెదాలు మాత్రం కదిలాయి.

"కదలొద్దు డాడీ... నువ్వే అన్నవ్ గదా. తాత ఇంకా గట్లనే ఉన్నడు. ఇంకొక్కటి ఉందంట..."

చాయ్ తాగి వచ్చేసరికి కళ్ళ నీళ్ళతో అక్కడే నిలబడ్డ మనిషి గుర్తుకొచ్చాడు. నేను ఆపేశాను ఆయన్ని. నేనే. ఆయనతోపాటు నా కూతుర్నీ.

బీరువాలోంచి కెమెరా తీశాను. ఫోన్ జేబులో వేసుకుని లెన్స్ మూత లాగేశాను. స్క్రీన్ మీద అంతా చీకటి. ఆ చీకట్లో పచ్చ గడి ఒకటి వెలిగింది. యూనీస్ ముఖం మీద.

ఇంకోటి వెలిగింది.

ఖాళీ కుర్చీలో. కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో... అంత ఎత్తులో.

నొక్కాను. ఫ్లాష్ వెలుగులో కుర్చీ ఖాళీగానే ఉంది.

"అయిపోయింది," అన్నాను. మళ్ళీ అన్నాను. "అయిపోయింది... మామయ్యా... ఇంక వెళ్ళండి."

కుర్చీ కిర్రుమంది. ఎవరో బరువుగా లేచినట్టు. వాసన నా పక్క నుంచి దాటిపోయింది. చెప్పుల చప్పుడు గుమ్మం వైపు... నెమ్మదిగా. దాని వెనకే ఇంకో చప్పుడు. చిన్న చిన్న అడుగులు. ఉత్తి కాళ్ళు. గబగబా.

యూనీస్ నా ఎదురుగానే నిలబడి ఉంది. అది కదలలేదు.

తలుపు గడియ దానంతటదే పడింది. కరెంటు వచ్చింది.

"డాడీ, ఆకలైతుంది," అంది యూనీస్. నవ్వింది. ఎత్తుకుని ఏడ్చేశాను. కృప వచ్చేసరికి పిల్ల పాలు తాగుతూ, కాళ్ళు ఊపుతూ కూర్చుంది. అత్తమ్మ మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి స్తోత్రం చెప్పింది. ఇంట్లో అందరం అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆ సంతోషంలోనే కెమెరా ఎత్తాను. తల్లీకూతుళ్ళ ఫొటో ఒకటి తీద్దామని. కృప ముఖం మీద గడి పడింది. గోడమీది కేలెండర్ ముఖానికి పడింది. తల్లి ఒళ్ళో కూర్చుని నన్నే చూసి నవ్వుతున్న పిల్ల ముఖం మీద... పడలేదు.

దగ్గరికి జరిగాను. లైటు కిందికి తెచ్చాను. పడలేదు.

నెల దాటింది. కృపకి చెప్పలేదు. ఏమని చెప్పను? పిల్ల తింటుంది, ఆడుకుంటుంది. కెమెరాని షాపులో చూపించాను, ఏ లోపమూ లేదన్నారు. రోజూ సాయంత్రం పిల్ల తనంతట తానే వచ్చి నా ముందు నిలబడుతుంది. చేతులు కిందికి దించి, ఊపిరి బిగబట్టి. రెప్ప వెయ్యదు.

"అయిపోయిందా, డాడీ?" అని అడుగుతుంది.

ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలీదు. ఈ పిల్ల కూడా గుమ్మం వైపు నడుస్తుందేమో. కెమెరా కళ్ళకి ఆనించుకుని, గడి లేని ఆ ముఖాన్ని చూస్తూ, రోజూ ఒకటే చెబుతున్నాను.

"ఇంకొక్కటి, తల్లీ. కదలకు."