సున్నా దాటిన కండ

మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్‌లో ఆమె చేసే మొదటి పని ఖాళీ కొలత. కరెంటు ఇవ్వకుండా కండ బలం చూడాలి. సున్నా రావాలి. వచ్చాకే అసలు కొలత.

కండంటే పెద్దదేం కాదు, గాజు పళ్ళెంలో రెండు మెత్తని స్తంభాల మధ్య బిగించిన పోగు. కరెంటు తగిలితే ముడుచుకుని స్తంభాలను వంచుతుంది. ఆ వంపే దాని బలానికి కొలత, తెర మీద గీతగా కనిపిస్తుంది. ఇలాంటి పోగులతో ప్లాస్టిక్ చేతుల వేళ్ళు కదిలించాలని ల్యాబ్ పెద్దాయన కల. ఆమె ఆశ వేరు. ఈ పోగు అన్నయ్య తొడలోంచి తీసిన చిటికెడు మాంసంతో పెంచింది. కండలు కరిగిపోయి మంచాన పడ్డ అన్నయ్యకు దీనివల్ల ఏదో దారి దొరుకుతుందని ఆమె పిచ్చి నమ్మకం. "నేను మంచం దిగకపోయినా నా కండ ఉద్యోగం చేస్తోందే" అని అన్నయ్య నవ్వేవాడు.

ఆవేళ తెర మీద గీత సున్నా దగ్గర ఆగలేదు.

వైర్లు చూసింది. సరిగ్గానే ఉన్నాయి. కరెంటు పంపే పెట్టె ప్లగ్గు పీకేసింది. గదిలో స్పిరిట్ వాసన, ఇంక్యుబేటర్ సన్నటి రొద... స్తంభాలు ఇంకా వంగుతూనే ఉన్నాయి.

ఫోన్ మోగింది. వదిన.

"అమ్మాయ్, మీ అన్నయ్య చెంచా కూడా పట్టుకోలేకపోతున్నారు. పొద్దున బానే ఉన్నారు."

ఆమె కొలతల పుస్తకం తిరగేసింది. పోగు బలం పెరిగిన రోజులు. అన్నయ్య మెడ వాలిన రోజు, మాట ముద్దయిన రోజు... అన్నీ అవే రోజులు. ఇన్నాళ్ళూ తన చేత్తోనే దానికి మేత పెట్టింది.

"ఊపిరి ఎలా ఉంది వదినా?"

"అందట్లేదమ్మా... త్వరగా రా."

గీత పైపైకి పోతోంది. ఇది చస్తే అన్నయ్య బలం అన్నయ్యకు తిరిగొస్తుందనుకుంది. బ్లీచ్ సీసా తెచ్చి పళ్ళెంలో ఒంపేసింది. పోగు ఒక్కసారి మెలి తిరిగింది. తెల్లబడింది. గీత పడిపోయింది... సున్నా.

"వదినా?"

"పోయారు." గుసగుసగా అంది వదిన. "ఇప్పుడే."

ఆమె సీసా కింద పెట్టింది. చంపింది తనే.

"అమ్మాయ్... నా చెయ్యి పట్టుకున్నారు."

"ఎప్పుడు?"

"పోయాక."

ఆమె పళ్ళెం వైపు చూసింది. పోగు కదలడం లేదు.

"విడిపించుకోలేకపోతున్నా... ఇంకా బిగిస్తున్నారు."

ఫోన్‌లో పుటుక్కున ఎముక విరిగిన చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి.