మార్చి గడిలో రంజాన్

సోమవారం ఉదయం 9:40. మొఘల్‌పురాలో బట్టల హోల్‌సేల్ దుకాణం పై అంతస్తు. గది ముందు ఇన్‌స్పెక్టర్ కళావతి ఆగింది.

తాళం పగలలేదు. గొళ్లెం వంగలేదు. లోపల మాత్రం బీరువా బార్లా తెరిచి ఉంది.

“ఇరవై రెండేండ్ల కష్టం, బిడ్డా. అంత ఎత్తుకపోయిండ్రు,” అన్నాడు ప్రకాశం.

ఆయన రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్. డిగ్రీలో కళావతికి పాఠం చెప్పినవాడు. పాతబస్తీలో అరవై దుకాణాల అమ్మకాలు, కుట్టు షెడ్ల కరెంటు యూనిట్లు, లోడ్ ఆటోల ట్రిప్పులు నెలనెలా సేకరించేవాడు. వాటితో కంప్యూటర్‌లో మోడల్ కట్టి, రాబోయే ఆరు నెలల్లో వ్యాపారం లేస్తుందో పడుతుందో చెప్పేవాడు. బజారు దాన్ని ‘సార్ సూచీ’ అనేది. సరుకు తేవాలన్నా ఆపాలన్నా అదే చూసేది.

మార్చి మొదటి వారంలో ఆ సూచీ గిరాకీ పెరుగుతుందని చెప్పింది. ఏప్రిల్ నుంచే బజారు చతికిలబడింది. చాంద్రాయణగుట్టలో కళావతి తమ్ముడు ప్రేమ్‌రాజ్ రెడీమేడ్ దుకాణం జూన్‌లో మూతపడింది. “సార్ లెక్క తప్పదని నువ్వే కద అక్కా అన్నవ్,” అని తమ్ముడు ఒక్కసారే అన్నాడు. అప్పుడు కూడా ఆమె సార్‌నే వెనకేసుకొచ్చింది.

పాత కాగితాలన్నీ బుధవారం చూపించాలని వ్యాపారుల సంఘం అడిగింది. ఆలోపే అవి మాయం.

“తాళంచెవులు ఎన్ని, సార్?”

“రెండు. ఒకటి నా దగ్గర. ఒకటి నా అసిస్టెంట్ స్రవ్య దగ్గర.” ఆయన తల దించుకున్నాడు. “ఆ పిల్ల మీద నేనేమనను. నువ్వే చూడు.”

ఫిర్యాదులో పోయిన వస్తువుల జాబితా ఉంది. లాప్‌టాప్. రెండు పెన్‌డ్రైవ్‌లు. పద్నాలుగు ఫైళ్లు. చివరికి ఒక స్టాప్లర్ కూడా.

కళావతి గోడ వైపు చూసింది. బల్లకు ఎదురుగా ఒక మేకు. సున్నం అంతటా పసుపెక్కింది. మేకు కింద మాత్రం మూరెడు మేర తెల్లగా ఉంది.

జాబితా మళ్లీ చదివింది.

11:15. స్టేషన్‌లో స్రవ్య కుర్చీ అంచున కూర్చుంది.

“నిన్న ఎక్కడున్నవ్?”

“బహదూర్‌పురాల, ఇంట్లనే మేడం. అమ్మకు జ్వరం.”

“మార్చి రిపోర్టు ఎవరు చేసిన్రు?”

“మోడల్ నేనే నడిపిన. రంజాన్ కాలమ్ మాత్రం సారే నింపుతరు.”

“అదేంది?”

“పండుగ వస్తె గిరాకీ మస్తు పెరుగుతది. దాన్ని చూసి బజారు బాగుపడ్డదనుకోవద్దు. అందుకే పండుగ గిరాకీని లెక్కలకెల్లి తీసేస్తం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తది. ఏ నెలల ఎన్ని రోజులు పడ్డదో ప్రతిసారి చూసి రాయాలె.”

“ఈ ఏడాది?”

“పది రోజులు ఫిబ్రవరిల పడ్డది. సార్ మొత్తం మార్చి గడిలనే రాసిన్రు. ఎందుకని అడిగిన. ‘నాకు తెల్వదా?’ అన్నరు. ఊకున్న.”

కళావతి పెన్ను ఆగింది. డెబ్బై దాటిన మనిషి. పొరపడి ఉండొచ్చు. పొరపాటే అయితే బాగుండునని ఆమెకు గట్టిగా అనిపించింది.

“బల్ల ఎదురుగ గోడకు ఏముండె?”

“క్యాలెండర్, మేడం. నా ఫోన్ల ఫొటో ఉన్నది, చూడుండ్రి.”

సాయంత్రం 4:00. అదే గది. ప్రకాశం, స్రవ్య, కింద దుకాణం యజమాని వైకుంఠం. ఈ గది కూడా వైకుంఠానిదే. ఇన్నేళ్లుగా ఉచితంగా ఇచ్చాడు.

“వైకుంఠం గారూ, ఫిబ్రవరిల మీ గోదాముల సరుకెంత?”

“నిండా ఉండె.”

“మార్చి ఆఖరుకు?”

“అంత అమ్ముడుపోయింది.”

“సూచీ చూసి అందరు కొన్నరు. మీరొక్కరే ఉన్నదంత అమ్మి, కొత్తది తెప్పియ్యలేదు. ఎట్ల?”

వైకుంఠం చూపు ప్రకాశం మీదికి పోయింది. కళావతి కూడా అటే తిరిగింది.

“సార్, మీరు స్టాప్లర్ కూడ రాసిన్రు. రోజూ ఎదురుంగ కనిపించే క్యాలెండర్ పోతే రాయలేదు.”

“మర్చిపోయిన, బిడ్డా.”

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరి ఇరవైన స్రవ్య పుట్టినరోజుకు ఇదే గదిలో తీసిన ఫొటో. కేకు వెనక గోడకు క్యాలెండర్. పంతొమ్మిదో తేదీ చుట్టూ పెన్సిల్ సున్నా. పక్కన ప్రకాశం చేతిరాత: ‘రంజాన్ మొదలు’.

“తేదీ మీకు తెలుసు. తెలిసే మార్చిల రాసిన్రు. ఫిబ్రవరి పండుగ గిరాకీని లెక్కలకెల్లి తియ్యలేదు. అందుకే బజారు లేస్తున్నట్టు మోడల్ చెప్పింది. ఆ క్యాలెండర్ దొరికితే మీరు దొరుకుతరు. దాన్ని తీసింది మీరే. అందుకే అది పోయిందని చెప్పలేదు.”

ప్రకాశం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“వైకుంఠం గది ఖాళీ చెయ్యమన్నడు,” అన్నాడు. “గిరాకీ ఉన్నదని రాస్తే ఉండనిస్తనన్నడు. సూచీ బతకాలె కద! ఒక్కసారే అనుకున్న. తర్వాత సరిచేద్దామనుకున్న.”

వైకుంఠం కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

“సామాను ఎక్కడున్నది?”

“మా ఇంట్ల. అటక మీద.”

“నా తమ్ముని దుకాణం పోయిందంటే, మీ లెక్క నమ్మినందుకు అనుకుంట,” అంది కళావతి. “కానీ ఈ పిల్లను దొంగను చేసి నాకప్పజెప్పిన్రు. నేను మిమ్మల్ని నమ్ముతనని తెలిసే నన్ను పిలిచిన్రు.”

“కేసు రాస్తవా, కళావతీ?”

“రాస్త. మీ ఇద్దరి మీద.”

కానిస్టేబుల్ వాళ్లను జీపులో ఎక్కించాడు. కళావతి మెట్ల మీదే కూలబడింది. కింద వీధిలో సగం షట్టర్లు మూసే ఉన్నాయి. స్రవ్య వచ్చి పక్కన నిలబడింది.

“మోడల్ మంచిదే, మేడం. నా ఇంట్ల ఉన్న కాపీల రంజాన్ సరిగ్గ పెట్టి మధ్యాహ్నం మళ్ల నడిపిన.”

“ఏమన్నది?”

స్రవ్య మూసిన షట్టర్ల వైపు చూసింది. “ఇంకో ఆరు నెలలు బజారు లేవదు.”

కళావతి ఫోన్ తీసి తమ్ముడి నంబరు నొక్కింది.