వెనక సీటు

తెల్లవారుజామున అయిదున్నరకు అలిపిరిలో ప్రసూనాంబ కొబ్బరికాయల అంగడి ముందు ఒక గుండు మనిషి ఆగాడు. తిరుపతిలో గుండును ఎవరూ రెండోసారి చూడరు. గూఢచారికి అంతకంటే సులువైన మారువేషం ఇంకోటి లేదు.

"పచ్చకర్పూరం ఉండాదా?"

"తడిసింది. ఆరినాక రా."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ హేమచంద్ర అంగడి వెనక గదిలోకి వెళ్లాడు. పదేళ్లుగా ఆ గదిలోంచే కౌంటర్ ఇంటెలిజెన్స్ నడుపుతున్న ప్రసూనాంబ చీర మీది కొబ్బరి పీచు దులుపుకుని ట్యాబ్‌ను అతని ముందుకు తోసింది. తెర మీద ఒక విమానం ఉంది.

"పాలపిట్ట. పాత ట్రైనర్. పిస్టన్ ఇంజిన్ పీకేసి టర్బోప్రాప్ పెట్టినారు. రెక్కల కింద రాకెట్లు, గన్ పాడ్ కట్టినారు. అదే విమానం పిల్లోళ్లకు ఎగరడం నేర్పిస్తుంది, అవసరమైతే సరిహద్దులో దాడికీ పోతుంది. ఇది పాసైతే బయటి దేశం విమానం ఎవురికీ అక్కర్లేదు. ఆ బయటి విమానాలమ్మే కంపెనీ మనిషి క్రేగ్‌కు అదే మంట. ముఠాను దించినాడు."

"మొదటి పాలపిట్ట సంగతి నాకు తెలుసు మేడమ్," అన్నాడు హేమచంద్ర.

తెలియకేం! ఏడు నెలల కింద అది కూలినప్పుడు వెనక సీట్లో ఉన్న ఇంజనీరు బాలచంద్ర అతని అన్న. ముందు సీట్లో పైలట్ మునిశేఖర్. ఇద్దరూ పోయారు. డైవ్ మధ్యలో బాలచంద్ర పొరపాటున పవర్ లివర్‌ను రివర్స్‌లోకి లాగాడని విచారణ కమిటీ తేల్చింది. మునిశేఖర్ భార్య నందిని కూడా పైలటే. ఆమె కార్వేటినగరం దాకా వచ్చి, "నీ కొడుకు నా మొగుణ్ణి సంపినాడు" అని బాలచంద్ర తల్లి ముఖం మీదే అనేసి పోయింది. ఆ రోజు నుంచి ఆ తల్లి గడప దాటలేదు. ఇది ప్రమాదం కాదని హేమచంద్రకు గట్టి నమ్మకం. చేసినవాడు దొరికితే ఏం చేయాలో రకరకాలుగా ఆలోచించి పెట్టుకున్నాడు. వాటిలో ఒక్కటీ సర్వీస్ రూల్స్‌కు ఒప్పేది కాదు.

"ఈ పొద్దు పదకొండుకు రెండో పాలపిట్ట కొనుగోలు కమిటీ ముందర ఎగరాల. పైలట్ నందిని. హ్యాంగర్‌లో ముఠా మనిషి ఒకడున్నాడు. ఎవడో తెలీదు, ఫోన్ ముట్టడు. చిత్తూరు మామిడి మండీలో క్రేగ్ కొరియర్‌కు కబురు అందుతుందని లోహిత చెప్పింది."

లోహిత క్రేగ్‌కు సలహాదారు. అతని దగ్గర జీతం తీసుకుంటూ ప్రసూనాంబకు రహస్యాలు మోసే డబుల్ ఏజెంట్.

"ఆ కొరియర్‌ను చెక్‌పోస్టులో ఎత్తేసినాము. వాడి బదులు నువ్వు పో. కనుక్కో, అంతే. చెయ్యి చేసుకున్నావంటే ఊరుకోను."

హేమచంద్ర చెవి మడతలో అత్తరు దూది పెట్టుకున్నాడు. దూదిలో రేడియో. చొక్కా గుండీలో కెమెరా.

ఎనిమిదింటికి చిత్తూరు మండీలో తోతాపురి కుప్పల మధ్య తలపాగాతో, అతికించిన మీసాలతో నిలబడ్డాడు. అక్కడ పెద్ద బేరాలు నోటితో జరగవు. కొనేవాడు, అమ్మేవాడు తువ్వాలు కింద చేతులు కలుపుతారు. వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి ఒక్క ముక్క తెలియదు. ఏ శాటిలైట్ కూడా వినలేని భాష అది.

తెల్ల చొక్కా, నుదుట విభూతి ఉన్న ఒక మనిషి దగ్గరికొచ్చాడు.

"ఇమాంపసంద్ ఉండాదా అప్పా?"

ఆ కాయ సీజన్ అయిపోయి నెల దాటింది. అదే పాస్‌వర్డ్.

"నీకోసం దాచినాను. సెయ్యి ఇయ్యి."

తువ్వాలు కింద ఆ మనిషి ఒక వేలు పట్టి నొక్కాడు. కాసేపాగి రెండు వేళ్లు నొక్కాడు. మొదటి విమానం కూలింది, రెండోదీ కూలబోతోంది. అంత హాయిగా నొక్కిన ఆ ఒక్క వేలు హేమచంద్రకు అన్న.

ఒళ్లు మండిపోయింది. అయినా వేళ్లు పని మానలేదు. మామిడికాయలు ముట్టే చేతికి సొన కాలిన మచ్చలుండాలి. ఈ చేతికి అవి లేవు. వేలి కొసల మీద సన్నటి తీగ గుచ్చుకున్న గాట్లున్నాయి. విమానం బోల్టులు వదులు కాకుండా మెకానిక్కులు తీగ చుట్టి మెలిపెడతారు. అన్న వేళ్లూ ఇలాగే ఉండేవి. అంటే వీడు కబురు మోసేవాడు కాదు. పని చేసినవాడే.

చెవిలో ప్రసూనాంబ గొంతు వినిపించింది. "మొహం కెమెరాలో పడింది. పేరు శాంతయ్య, ప్రొపెల్లర్ సెక్షన్. వదులు వాణ్ణి."

వదిలాడు. ఆ చేతిని వదలడం కంటే విరవడం సులభంగా ఉండేది.

"విమానం ఆపేసి వాణ్ణి లోపలేస్తా," అంది ఆమె.

"వేళ్లు నొక్కినాడంటే కోర్టులో నిలబడతాదా మేడమ్? వాడు నోరు తెరవడు. రిపోర్టులో మా అన్న పేరే ఉంటాది. నాకు పదకొండు దాకా టైమియ్యండి."

"పదకొండు. ఒక్క నిమిషం ఎక్కువ ఇయ్యను."

చిత్తూరు బయట రన్‌వే పక్కన, హ్యాంగర్ మూలలో నందిని అతను చెప్పిందంతా విన్నది. ఆమె కళ్లల్లో కోపం తప్ప ఇంకేమీ లేదు.

"మీ అన్నను కాపాడుకునేదానికి ఎవుణ్ణో ఒకణ్ణి పట్టుకొచ్చినావు."

"కాదు మేడమ్."

"ఈడ ఒక పద్ధతి ఉండాది. విమానం బాగుందని సంతకం పెట్టినోడు, పైలట్ అడిగితే అందులో ఎక్కాల. వాణ్ణే వెనకాల ఎక్కిస్తాను. నీ మాట నిజమైతే వాడే అరుస్తాడు. అరవకపోతే మీ అన్న పేరు నా ముందర ఇంకెప్పుడూ ఎత్తొద్దు."

"చక్రాలు లేవకముందే తేలాల. లేస్తే మీరు..."

"లేస్తే నేనూ పోతా. నాకింక ఏముండాదని?"

షామియానా కింద కమిటీ కూర్చుంది. పక్కనే క్రేగ్ ఉన్నాడు, అతని పక్కన నీలం పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో లోహిత. టెస్ట్ ఇంజనీరుకు జ్వరమనీ, వెనక సీట్లో శాంతయ్య కూర్చుంటాడనీ నందిని మైకులో చెప్పింది.

"నాకు బీపీ మేడమ్," అన్నాడు శాంతయ్య. సాయం కోసం లోహిత వైపు చూశాడు. ఆమె కూడా ముఠా మనిషే అని పాపం అతని నమ్మకం.

"సంతకం పెట్టినవాళ్లే భయపడితే కమిటీ ఏమనుకోవాలండీ?" అంది లోహిత తియ్యగా. తర్వాత కొబ్బరిబోండాం తెమ్మని ఎవరికో సైగ చేసింది. క్రేగ్ పళ్లు బిగించాడే గాని ఏమీ అనలేకపోయాడు.

మీసం, తలపాగా తీసేసి మెకానిక్ బట్టలు వేసుకున్న హేమచంద్ర శాంతయ్యకు బెల్టులు బిగించాడు. బిగిస్తూ అతని చెయ్యి పట్టుకుని ఒక వేలు నొక్కాడు. తర్వాత రెండు. ఆ తర్వాత మూడు.

మండీలో చెయ్యి కలిపినవాడు వీడేననీ, మూడోది తన ప్రాణమనీ అర్థమై శాంతయ్య ముఖం పాలిపోయింది. అరిచేలోపే అద్దం మూత పడిపోయింది.

పాలపిట్ట రన్‌వే మీదికొచ్చింది. రేడియో మాటలు షామియానా లౌడ్‌స్పీకర్‌లో వినిపిస్తున్నాయి.

"శాంతయ్యా, పైకి పోయి డైవ్ కొడతా. కొట్టి లివర్ వెనక్కి లాగుతా. ఆ పొద్దు మాదిరే. ఏమన్నా చెప్పాల్నా?"

విమానం కదిలింది.

"పదకొండు," అంది చెవిలో ప్రసూనాంబ. "ఆపు. ఇది ఆర్డర్."

హేమచంద్ర చేతిలో, ఆగమని ఎర్ర మంట వదిలే ఫ్లేర్ పిస్టల్ ఉంది. పేలిస్తే నందిని ఆగుతుంది. శాంతయ్య బతుకుతాడు, నింద కూడా బతుకుతుంది. పేల్చకపోతే? ఏడు నెలల్లో మొదటిసారి తన పగ చూసి తనకే భయమేసింది. ఆమె ప్రాణం మీద పందెం కాయడానికి తనెవడు? సగం రన్‌వే అయిపోయింది. పిస్టల్ పైకెత్తాడు. విమానం ముందు చక్రం నేల వదిలింది.

"ఎగరొద్దమ్మా! ఆపు!" లౌడ్‌స్పీకర్ పగిలిపోయేలా శాంతయ్య కేక పెట్టాడు. "లివర్ రివర్స్‌లోకి పోకుండా పట్టే స్టాప్ అరగదీసినాను, అది ఆగదు! గాల్లో లాగితే ప్రొపెల్లర్ రెక్కలు అడ్డం తిరిగి రాయి మాదిరి పడిపోతాము! మొదటిదానికీ నేనే సేసినాను! బాలచంద్ర ఏమీ ముట్టుకోలేదు! క్రేగ్ సెప్తేనే సేసినాను తల్లీ!"

నందిని లివర్ బర్రున వెనక్కి లాగేసింది. గాల్లో ప్రాణం తీసే ఆ లోపమే నేల మీద బ్రేకు. ప్రొపెల్లర్ రెక్కలు అడ్డం తిరిగాయి. చక్రం మళ్లీ నేలకు కొట్టుకుంది. టైర్లు పొగలు కక్కాయి. మామిడితోట కంచెకు మూర దూరంలో పాలపిట్ట ఆగింది.

క్రేగ్ పరుగు తీశాడు. లోహిత పట్టుచీర కొంచెం పైకెత్తి కాలు అడ్డం పెట్టింది. బోర్లా పడిన అతన్ని ప్రసూనాంబ పంపిన కమాండోలు లేపి తీసుకుపోయారు.

హేమచంద్ర పిడికిలి బిగించుకుని విమానం దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే నందిని వెనక సీటు మూత తీసి, ఏడుస్తున్న శాంతయ్య చెంప పగలగొట్టింది. రెండోది మునిశేఖర్ కోసం కొట్టింది. మూడోదానికి చెయ్యెత్తి, ఆపి, హేమచంద్ర వైపు తిరిగింది.

"ఇది మీ అన్నది. నువ్వు కొట్టుకో."

అతను కొట్టాడు. కొట్టాక కళ్లు నిండాయి. దాచుకోలేదు.

"మీ అమ్మ యాడుండాది?" అంది నందిని.

"కార్వేటినగరంలోనే."

"బండి తియ్యి. ఆ మాట ఆమె ముందరే వెనక్కి తీసుకోవాల."

కమిటీ ఛైర్మన్ రొప్పుతూ వచ్చాడు. "మేడమ్! ఎక్కడికి? విమానం గురించి రిపోర్టులో ఏం రాసుకోమంటారు?"

నందిని హెల్మెట్ తీసి అతని చేతిలో పెట్టింది. "ప్రస్తుతానికి బ్రేకులు బాగున్నాయని రాసుకోండి సార్."