కట్టని పార్కును ఎవరెత్తుకెళ్ళారు?

తొమ్మిది కాకముందే ఆమె వచ్చింది. మెట్లెక్కిన ఆయాసానికి ఏడుపు తోడైంది. చేతిలో తాళాల గుత్తిని మాత్రం ఎవరో లాక్కుపోతారన్నట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇరవై ఏళ్ళుగా కట్టని పార్కును ఎవరో ఎత్తుకుపోయారు బాబుగారూ. నేనే తీశానంటున్నారు."

డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్ళిచ్చాడు. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని టేపు సారు అంటారు. అసిస్టెంటు నోటుపుస్తకం తెరిచింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. కుదించి రాయడం చేతకాదు, అందుకే ఎవరేమన్నా అన్నమాట అన్నట్టే రాస్తుంది. ఆ రోజు కలం పుస్తకం మీదున్నా, మనసు జ్వరంతో ఉన్న రెండేళ్ళ కొడుకు మీదే ఉంది. పిల్లాణ్ణి అత్తగారికి అప్పగించి వచ్చింది.

వచ్చినామె థీమ్ పార్కు ప్రాజెక్టు ఆఫీసులో అటెండరు. ఊరి బయట మూడు వందల ఎకరాల్లో పార్కు కడతామని మూడుసార్లు ప్రకటించారు. మూడుసార్లు పునాదిరాయి వేశారు. మూడు కంపెనీలు వచ్చి, ఫొటోలు దిగి, వెళ్ళిపోయాయి. పార్కు రాలేదు గానీ దాని నమూనా మాత్రం ఆఫీసు గదిలో ఒక పెద్ద బల్లంత ఉంది. కొండ, చెరువు, బొమ్మ రైలు, మధ్యలో జెయింట్ వీల్. మధ్యాహ్నం మూడింటికి నాలుగో కంపెనీవాళ్ళు వస్తారు. సంతకం పెడితే పార్కు, పెట్టకపోతే ప్రాజెక్టు రద్దు. ఇక వాయిదాల్లేవని పైనుంచి ఉత్తర్వు. తీరా ఇవాళ చూస్తే గదిలో నమూనా లేదు.

"శనివారం సాయంత్రం నేనే తాళం వేశాను. రెండో తాళంచెవి ఆఫీసరుగారి దగ్గరుంటుంది. మూడింటికల్లా దొరక్కపోతే నా మీద పోలీసులకు రాస్తానన్నారు. నాకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. ఈ ఆఫీసు మూసినా ఇంకోచోట వేస్తారు. దొంగ అని కాగితం మీద పడ్డాక ఎవరు గడప తొక్కనిస్తారు బాబూ?"

"పదండి," అని సారు లేచాడు.

గది ఖాళీగా ఉంది. సారు తలుపు కొలిచాడు. మూడడుగుల మూడంగుళాలు.

"బల్ల ఎంతుండేది?"

"ఆరడుగులకి తొమ్మిది. పదేళ్ళుగా తుడుస్తున్నాను, నాకు తెలీదా? చుట్టూ అడుగెత్తు చెక్కగోడ. ఒక్కచోటైనా అతుకు లేదు. పక్కకి వాల్చారా, లోపలున్నవన్నీ రాలతాయి. నేల చూడండి, చెట్టుకొమ్మ ముక్కయినా లేదు."

"రోజూ ఎలా తుడిచేవారు పిన్నిగారూ?" అని అసిస్టెంటు అడిగింది.

"చక్రం పక్కకి మడుస్తానమ్మా, మడిచేలాగే చేశారు. తుడిచాక నిలబెట్టి, పక్కనున్న స్విచ్చి వేసి చూస్తాను. తిరిగితే నాకదో తృప్తి. పార్కు వస్తుందని మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మాయికి అయిదేళ్ళు, నిన్నా చక్రం ఎక్కిస్తానని మాటిచ్చాను. ఇప్పుడు దానికే అయిదేళ్ళ కూతురు."

ఆఫీసరు తన గదిలో చెమటలు తుడుచుకుంటున్నాడు. బొటనవేలికి పట్టీ ఉంది.

"ఏమడుగుతారండీ, తల తిరిగిపోతోంది. వాయిదా అడగక తప్పేలా లేదు. నిన్న ఆదివారమైనా నేనొచ్చి మీటింగు హాల్లో వేదిక వేయించాను. గది వైపు చూడనేలేదు. ఆ మూడు పెట్టెలూ ఆవిడొక్కతే మొయ్యలేదు, కొడుకుల్ని పిలిపించి ఉంటుంది. లేదంటే ఆ పొలం ఆసామి. పగలగొడతానని శుక్రవారమే అరిచి వెళ్ళాడు."

పొలం ఆసామి వరండాలోనే ఉన్నాడు, నలభై ఏళ్ళ మనిషి.

"అరిచాను, ఎందుకరవను? పార్కు వస్తుందని నా పొలంలో బోరు వెయ్యనివ్వరు, అమ్ముకోనివ్వరు. ఆ బల్ల మీద నా పొలం ఎక్కడుందో తెలుసా? ఐస్‌క్రీం కొట్టు కింద. ఇరవై ఏళ్ళుగా నా కాళ్ళరిగాయి గానీ ఒక్క ఐస్‌క్రీమైనా తినిపించలేదు."

"నిన్నెక్కడున్నారు?"

"మా మరదలి పెళ్ళిలో. మూడొందలమంది చూశారు. వాళ్ళనీ కొలుస్తారా?"

సారు నవ్వలేదు. నమూనా చేసిన ముసలి వడ్రంగిని పిలిపించాడు. ఆయన వస్తూనే ఖాళీ గది చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఈ కొత్త కంపెనీ కంప్యూటరులో బొమ్మ చూపిస్తుందట. ఇదే దీనికి ఆఖరి మీటింగన్నారు. అయినా నా చేత్తో చేసింది నేనెందుకు తీస్తానయ్యా? మొన్ననే బ్యాటరీ కూడా మార్చాను."

"గదిలోకి ఎలా తెచ్చారు?"

"మూడు పెట్టెలుగా. లోపల బిగించి, అతుకుల మీద ఆకుపచ్చ రంగేసిన రంపపుపొట్టు అంటించి పచ్చిక చేశాను. అతుకు కనబడితే ఇక నా పనితనమేముంది? ఎవరికీ చెప్పలేదు. గీసిన కాగితం మాత్రం ఫైల్లో ఉంటుంది."

సారు మీటింగు హాల్లోకి నడిచాడు. ఎర్ర తివాచీ పరిచిన వేదికను పొడుగూ వెడల్పూ కొలిచాడు. అసిస్టెంటు అంకెలు రాసుకుంది. వేదిక అంచు మీద కూర్చుని అత్తగారికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లేచేసరికి చీర అంచుకు ఆకుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. విసుగ్గా దులిపేసుకుంది. పొద్దుణ్ణుంచీ తిరిగిన తిరుగుడంతా వృథా అనిపించింది. పిల్లాడి సంగతి తెలీదు, దొంగ సంగతీ తెలీదు.

"అమ్మాయ్, ఆఫీసరు మాటలు చదువు," అన్నాడు సారు.

చదివింది. సగంలో ఆయన చెయ్యెత్తాడు. "ఆ వాక్యం మళ్ళీ." మళ్ళీ చదివి, ఆమె ఒక మాట కింద గీత గీసింది.

మూడింటికి కంపెనీ మనుషులిద్దరు వచ్చారు. ఆఫీసరు వేదికెక్కి, దొంగతనం జరిగిందనీ, ఆరు నెలలు వాయిదా ఇప్పించాలనీ మొదలుపెట్టాడు. అటెండరు గోడవారగా, వడ్రంగి, ఆసామిల పక్కన నిలబడింది.

"ఒక్క నిమిషం," అన్నాడు సారు. "అటెండరమ్మ పదేళ్ళు తుడిచింది. ఆమె దృష్టిలో అది ఒకే బల్ల. పొలం ఆసామి కూడా బల్లనే అన్నాడు. అది మూడు పెట్టెలని చేసినాయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఈ ఆఫీసులో ఆ మాటన్నది ఒక్కరే. మా అమ్మాయి అన్నది అన్నట్టే రాసింది."

అసిస్టెంటు చదివింది. "ఆ మూడు పెట్టెలూ ఆవిడొక్కతే మొయ్యలేదు."

"ఫైల్లో చూసుంటాను," అని ఆఫీసరు నీళ్ళు నమిలాడు.

"చూశారు. చూసి మరలు విప్పారు, వేలు తెగింది. కాళ్ళు తీసి, చక్రం మడిచి, పెట్టెల మీద పలకలు కొట్టారు. ఆదివారం వేదిక వేసేవాళ్ళు వచ్చి, లోపలేముందో తెలీకుండానే మోశారు. ఇందాకే ఫోన్లో అడిగాను, గది లోంచి మూడు పెట్టెలు తెచ్చామన్నారు. మీరు నిలబడ్డ వేదిక ఆరడుగులకి తొమ్మిది. దాని అంచున ఆకుపచ్చ రంపపుపొట్టు రాలుతోంది."

సారు వంగి, తివాచీ కొస ఎత్తి, పక్కనున్న స్విచ్చి వేశాడు. ఆఫీసరు కాళ్ళ కింద మోటారు గుర్రుమంది. మడిచిన చక్రం తిరగబోయి పలకలకు టకటక కొట్టుకుంది. ఆఫీసరు తనంతట తనే కిందికి దిగాడు.

"ఎందుకండీ?" అని అటెండరు నెమ్మదిగా అడిగింది. ఆయన బొటనవేలి పట్టీ సర్దుకున్నాడు.

సారే చెప్పాడు. "పార్కు కడితే కంపెనీ మనుషులొస్తారు, ఈ ఆఫీసు మూత. రద్దయినా మూతే. వాయిదా పడుతున్నన్నాళ్ళే ఈయన కుర్చీ. నమూనా పోయిందంటే ఇంకో వాయిదా. పోవాలంటే ఎవరో ఒకరు దొంగ కావాలి."

వడ్రంగి పలకలు ఊడదీశాడు. కంపెనీ పెద్దమనిషి వంగి, కొండనూ చెరువునూ చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది. కానీ మేం ఇవాళ వద్దని చెప్పడానికే వచ్చాం. ఉత్తరం కూడా తెచ్చాం."

తరువాత పొలం ఆసామి వంగి, ఐస్‌క్రీం కొట్టును రెండు వేళ్ళతో పట్టి పీకి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

అసిస్టెంటు ఫోను మోగింది. జ్వరం దిగిందట, అన్నం అడుగుతున్నాడట. ఆమె గబగబా పుస్తకం మూయబోయింది. అటెండరు కొంగుతో చక్రం తుడుస్తూ ఉంది. నిలబెట్టి వదిలితే సగం తిరిగి, వంగిన ఊచ తగిలి ఆగిపోయింది.

"అమ్మా, ఒక్కటి రాసుకుని వెళ్ళు. నేను తియ్యలేదని."

అసిస్టెంటు మళ్ళీ కూర్చుని, ఆమె అన్నది అన్నట్టే రాసింది.