తోమిన పతకం

న్యూ లండన్ స్టేషన్లో బోస్టన్ రైలు దిగిన మనిషి ప్లాట్‌ఫాం మీద కొద్ది దూరం నడిచి, ఎవరికో దారి ఇస్తున్నంత మర్యాదగా పక్కకు ఒరిగి చచ్చిపోయాడు. మెడ వెనక సన్నటి సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. కోటు జేబులో ఒక కంచు పతకం ఉంది. అరచేతినంత వెడల్పు. ఒక పక్క దీపస్తంభం మెట్ల మీద లాంతరు ఎత్తి నిలబడ్డ ఆడమనిషి, రెండో పక్క ఉవ్వెత్తున లేచిన అల, దాని మీద ఎగురుతున్న సముద్రపు పక్షి.

మర్నాడు ఆ పతకం ఏజెంట్ లెమ్యుయెల్ స్టబ్స్ ఎదుట, మూత విప్పిన పచ్చడి సీసాలా రెండు ముక్కలై ఉంది. అంచు పొడుగునా కంటికి ఆనని మర. లోపల బోలు. బోలులో మైక్రోఫిల్మ్.

“మన కొత్త జలాంతర్గామికి చెవుల్లాంటి యంత్రం. దాని నక్షాలో ఇది సగం,” అన్నాడు చీఫ్ క్రోకర్. “మిగతా సగం శనివారం చేతులు మారుతుంది. అది గనక దేశం దాటిందా, వాళ్ళ పడవ మన పక్కనుంచి పోయినా మనకి వినబడదు.”

“ఎక్కడ మారుతుంది సార్? కాసినోలోనా?”

“చర్చి కింద గదిలో. మిస్టిక్ ఊళ్ళో. స్మారక పతకాలు పోగేసేవాళ్ళ క్లబ్బు.”

స్టబ్స్ నవ్వబోయి మానుకున్నాడు. బెర్లిన్‌లో గోడలు దూకినవాణ్ణి పంపడానికి చర్చి కింది గది కాస్త చిన్నచూపుగానే తోచింది.

గూఢచారి కథల్లో అందగత్తె కాస్త ఆలస్యంగా రావాలని నియమం కాబట్టి మాగ్దా సెలెష్ అప్పుడు వచ్చింది. ఆమెకంటే ముందు ఆమె సెంటు వచ్చింది. శత్రువుల జీతం తింటూ మనకు సమాచారం చేరవేసే డబల్ ఏజెంట్. ఆమె చెప్పింది ఇదీ: ఆ పతకం చెక్కిన శిల్పి, అగస్టా పెన్‌హాలో అనే ఎనభై ఏళ్ళ ముసలావిడ, ఈ ముఠాకి తల. శనివారం ఆవిడకి క్లబ్బులో సన్మానం. సభ్యులందరూ తమ తమ దీపస్తంభం పతకాలు తెస్తారు. అన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. వాటిలో ఒకటి మాత్రం బోలు. పారిపోదామనుకున్న మనిషిని రైల్వే స్టేషన్లో చంపించింది కూడా ఆవిడే.

స్టబ్స్ అదే రిపోర్టుగా రాసి సంతకం పెట్టాడు. అందులో సగం మాగ్దా చెప్పినది. మిగతా సగం ఆమె సెంటు చెప్పినది.

“బోలు పతకం దొరకడం, ఆవిణ్ణి లోపల వెయ్యడం,” అన్నాడు క్రోకర్. “బతికుండగా బయటికి రాదు. నీ సంతకం మీదే వెళ్తున్నామయ్యా, చూసుకో.”

*

ముందు ముసలావిడ ఇల్లు సోదా చేయాలి. స్టబ్స్ దొంగ మీసం పెట్టుకుని, పిడిలో కెమెరా ఉన్న పానా ఒకటి పట్టుకుని, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ బర్నర్ తనిఖీకి వచ్చినవాడిలా వెళ్ళాడు. చలికాలం రాబోతోంది కాబట్టి ఆ మాట ఎవరూ కాదనరు. బర్నర్‌ని ఒకసారి పలకరించి, ఆవిడ కాఫీ కాచే లోపల పనిశాలలో దూరి ప్రతి సొరుగూ లాగి ఫోటోలు తీశాడు. మట్టి అచ్చులు, చిన్న చిన్న ఉలులు, పోయిన భర్త కళ్ళద్దాలు. బల్ల మీద ఒక దీపస్తంభం పతకం. చేతిలోకి తీసుకుని, మర ఎక్కడైనా దొరుకుతుందేమోనని అంచు వెంట గోరుతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. మర లేదు. తల తిప్పితే గుమ్మంలో అగస్టా, రెండు కప్పులతో.

ఆవిడ కోప్పడలేదు. ఆ ఒక్క పతకం ఎందుకు వేరో చెప్పింది. గంధకపు నీళ్ళతో, పొగతో, సెగతో మూడు చలికాలాలు దానికి రంగు పట్టించింది. అల మడతలో ఆ పచ్చ ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడు వేళ్ళు మాట వినడం లేదు కాబట్టి ఇక రాదు కూడా.

“దీన్ని చూసినవాళ్ళంతా ఎంతకిస్తారు అనేవాళ్ళే,” అంది. “నువ్వొక్కడివే ఊరికే చూస్తూ నిలబడ్డావు. ఉంచుకో బాబూ.”

“నాకెందుకమ్మగారూ…”

“ఎందుకేమిటి, చూసుకోడానికి.”

ఆ సాయంత్రం రిపోర్టులో స్టబ్స్ ఒక వాక్యం చేర్చాడు: అనుమానితురాలు లంచం ఇవ్వజూపింది. రాస్తున్నప్పుడు కలం కాస్త ఆగింది. కలం కదా అని ఊరుకున్నాడు.

క్లబ్బుకి వెళ్ళేవాడి చేతిలో పతకం ఉండాలి. ఉన్నది అగస్టా ఇచ్చిన ఇదొక్కటే. చూస్తే గోధుమరంగు, మడతల్లో పాచి పట్టినట్టు పచ్చదనం. నలుగురిలోకి తీసుకెళ్ళే వస్తువు ఇలాగా ఉండేది? నేవీలో గుండీలు తోమిన చెయ్యి అతనిది. హోటల్ గదిలో పాలిష్ డబ్బా తెరిచి, గుడ్డ ముంచి, పండగ ముందు ఇత్తడి సామాను తోమే కోడలంత శ్రద్ధగా తోమాడు. గుడ్డ నల్లబడే కొద్దీ ఉత్సాహం పెరిగింది. చివరికి పతకంలో అతని ముఖం కనిపించింది. తృప్తిగా నవ్వుతోంది కూడా.

*

శనివారం మధ్యాహ్నం చర్చి ముందు బేకరీ వ్యాను ఆగింది. అందులో ఏప్రన్లు కట్టుకున్న క్రోకర్ మనుషులు. స్టబ్స్ బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, నెరిసిన గడ్డం పెట్టుకుని, ఒహైయో నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్ ఆంబ్రోస్ ఫెయిర్‌చైల్డ్ అయ్యాడు. టై పిన్నులో మైకు. పతకాలన్నీ ఒక చుట్టు తిరగగానే మేం దిగుతాం, అంతకు ముందే రావాలంటే “యాపిల్ పైలో ఉప్పు ఎక్కువైంది” అను, అన్నాడు క్రోకర్.

కింద గదిలో పొడుగాటి బల్ల మీద ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ పరిచారు. కాఫీ, పలహారానికి యాపిల్ పై ఓ పక్కన ఉన్నాయి. కాఫీ పతకాల దగ్గరికి రాకూడదు. క్లబ్బు అధ్యక్షుడు ట్రంబుల్ ఊళ్ళో మందుల షాపాయన. అతిథిగా వచ్చిన మాగ్దాకూ, కొత్త సభ్యుడైన డాక్టరుకూ ఆయన ఆచారం చెప్పాడు. పతకాన్ని అంచు పట్టుకునే ఎత్తాలి. చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చేవాడు పట్టుకున్నాడని పుచ్చుకునేవాడు, పుచ్చుకున్నాడని ఇచ్చేవాడు అనుకున్నప్పుడే పతకం నేల పడుతుంది. చూసినవాళ్ళు ఫెల్ట్ మీద పెట్టాలి, పక్కవాళ్ళు ఎత్తుకోవాలి.

“డాక్టరుగారూ, మీతోనే మొదలుపెడదాం,” అన్నాడు.

స్టబ్స్ తన పతకం తీసి ఫెల్ట్ మీద పెట్టాడు. అది కారు దీపంలా వెలిగింది.

 పూజగదిలో చేపల బుట్ట దింపినట్టు అందరూ దానివైపే చూశారు. ఒకావిడ నోటిదాకా తెచ్చిన యాపిల్ పై ముక్కని మళ్ళీ ప్లేటులో పెట్టేసింది.

“దీన్ని…” ట్రంబుల్ గొంతు సవరించుకున్నాడు. “దీన్ని తోమారా?”

అప్పటికి అర్థమైంది స్టబ్స్‌కి. తాను వదలగొట్టింది మురికి కాదు. చెక్కడం సగం పని అయితే, ఆ రంగు మిగతా సగం. మూడు చలికాలాలు.

అగస్టా పతకాన్ని అంచు పట్టుకుని ఎత్తింది. వెలుతురుకి వంచి, అల మడతలో చాలాసేపు వెతికింది. తర్వాత డాక్టరు ముఖం చూడలేదు, చేతులు చూసింది.

“నేనే తోమాను ట్రంబుల్,” అంది. “డాక్టరుగారికి పంపే ముందు. కాస్త మెరిస్తే బాగుంటుందనిపించింది. వయసైపోయింది, ఏం చేస్తాను.”

  తన సన్మానం రోజున, తన చేతి పనిని తానే పాడు చేసుకున్న ముసలావిణ్ణి చూడలేక ట్రంబుల్ ఫెల్ట్ మీద లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. అగస్టా పతకాన్ని స్టబ్స్ ముందు పెడుతూ, అతనికి మాత్రమే వినబడేలా అంది.

“పళ్ళ డాక్టరైనా ఆయిల్ బర్నర్ మనిషైనా ఇక్కడ వేసే కుర్చీ ఒకటే బాబూ. దానికి గడ్డం పెట్టుకోవాలా?”

తన పని చెప్పుకోడానికి సిగ్గుపడి వేషం వేసుకొచ్చాడనుకుంది. అందుకని నింద తన మీద వేసుకుంది. బెర్లిన్‌లో పట్టుబడినప్పుడు కూడా స్టబ్స్ తల వంచలేదు. ఇప్పుడు భూమి చీలితే బాగుణ్ణనిపించింది. చర్చి వాళ్ళు నేలకి సిమెంటు చేయించారు, చీలేలా లేదు.

పతకాలు ఒక్కొక్కటే బల్ల చుట్టూ తిరగసాగాయి. అన్నీ ఒకటే దీపస్తంభం. తల ఎత్తలేక స్టబ్స్ చేతులనే చూస్తున్నాడు. అందరూ పుస్తకంలో పేజీ తిప్పినట్టు పతకాన్ని పక్కకు తిప్పి వెనక వైపు చూస్తున్నారు. మాగ్దా ఒక్కతే కిందనుంచి పైకి తిప్పుతోంది. ప్రతిదీ అలాగే.

“ఏమ్మా, డాలరు బిళ్ళ తిప్పినట్టు తిప్పుతున్నావేం?” అగస్టా నవ్వింది. “మన నాణేలకి వెనక బొమ్మ తలకిందులుగా కొడతారు. పతకానికి అలా కొట్టం. పాపం, నా పక్షులన్నీ నీకు వెల్లకిలా ఎగురుతుంటాయి.”

“మా ఊరి అలవాటండీ,” అంది మాగ్దా తియ్యగా.

స్టబ్స్‌కి ఆఫీసు గుర్తొచ్చింది. క్రోకర్ బల్ల మీద బోలు పతకాన్ని మళ్ళీ మర బిగించినప్పుడు లాంతరు మనిషి నిటారుగా, వెనక పక్షి తలకిందులుగా నిలిచిన సంగతి అప్పుడు పట్టించుకోలేదు. మర కోసినవాడు డాలరు బిళ్ళలని బోలు చేయడం అలవాటైనవాడు. మరని అలాగే కుదిర్చాడు. ముఠా దాన్నే గుర్తుగా పెట్టుకుంది. డాలరులా తిప్పినప్పుడు ఏ పతకంలో పక్షి సరిగ్గా ఎగురుతుందో అదే బోలుది.

ముసలావిడే ముఠాకి తల అయితే, తన పక్షిని తలకిందులు కానిచ్చేదా?

అదే క్షణంలో మాగ్దా ఇంకో పతకం తిప్పింది. ఈసారి ఆమె పెదవి చివర చిన్న చిరునవ్వు. పతకం ఫెల్ట్ మీదికి తిరిగి రాలేదు. “క్షమించండి, టాక్సీ వచ్చింది, రైలు టైమైంది,” అంటూ లేచింది.

అది చివరి పతకం. తలుపు ధడేల్‌మంది. ఏప్రన్ల మనుషులు మెట్లు దిగి వచ్చి నేరుగా అగస్టా రెండు చేతులూ పట్టుకున్నారు. కుర్చీ పడింది. ఆ గందరగోళంలో మాగ్దా వంటగది గుమ్మంవైపు నడిచింది, తొందర లేకుండా.

స్టబ్స్ గడ్డం పీకేశాడు.

“ఆవిడ కాదు సార్. వదిలెయ్యండి.”

“నీ రిపోర్టే కదయ్యా,” అన్నాడు క్రోకర్.

“నా రిపోర్టు తప్పు. ట్రంబుల్‌గారూ, ఆ అతిథి చేతిలో పతకం ఉంది. బల్ల మీద పెట్టకుండా పోతోంది.”

శత్రుదేశపు గూఢచారి అని చెప్పి ఉంటే ఆ సభ్యులు బల్ల కింద దూరేవాళ్ళేమో. పతకం ఫెల్ట్ మీద పెట్టకుండా పోతోందన్న మాటకి మాత్రం క్లబ్బంతా ఒక్కసారిగా లేచి వంటగది గుమ్మానికి అడ్డం నిలబడింది. మాగ్దా టోపీలోంచి పొడుగాటి సూది లాగింది. దాని మొన ట్రంబుల్ మెడని తాకబోతుండగా స్టబ్స్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. రెండో చేతిలోంచి పతకం జారింది. క్లబ్బు మొత్తం ఊపిరి బిగబట్టింది. స్టబ్స్ ఒంగి, నేలకి బెత్తెడు ఎత్తులో దాన్ని పట్టుకున్నాడు. అంచు పట్టుకునే పట్టుకున్నాడు.

ఫెల్ట్ మీద పెట్టాడు. క్రోకర్ మర విప్పాడు. ఫిల్ము బయటపడింది. బయట టాక్సీ కాసేపు హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోబోతే వ్యాను దానికి అడ్డం తిరిగింది.

మాగ్దాని తీసుకెళ్తుంటే ఆమె స్టబ్స్‌ని చూసి జాలిగా నవ్వింది. అతను అటు చూడలేదు. అగస్టా మణికట్టు మీద ఎర్రగా కందిన వేళ్ళ గుర్తులు చూస్తున్నాడు.

“ఇంకో మాట,” అన్నాడు సభవైపు తిరిగి. “ఆ పతకాన్ని తోమింది నేను. ఆవిడ కాదు.”

ట్రంబుల్ కళ్ళలోకి వచ్చిన అసహ్యం మాగ్దాని చూసినప్పుడు కూడా రాలేదు.

*

తర్వాత వారం స్టబ్స్ మీసం, గడ్డం, కళ్ళద్దాలు ఏవీ లేకుండా అగస్టా ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీసి, ఒక నిమిషం చూసి, కాఫీ పెట్టింది. గూఢచారి శిక్షణలో విషం కనిపెట్టడం నేర్పుతారు, తాళాలు తీయడం నేర్పుతారు, క్షమాపణ అడగడం మాత్రం నేర్పరు. అతను కప్పు పట్టుకుని, కప్పుతోనే మాట్లాడుతున్నట్టు, సొరుగులు లాగిన సంగతి, భర్త కళ్ళద్దాలకి ఫోటో తీసిన సంగతి, మాగ్దా మాట నమ్మి రాసిన సంగతి అన్నీ చెప్పాడు. లంచం అని రాసిన వాక్యం దగ్గర కప్పు కింద పెట్టేశాడు. దాన్నీ ఎలాగో చెప్పాడు.

అగస్టా మట్టి పిసుకుతూ విన్నది.

“ఆ పచ్చ మళ్ళీ రాదు,” అంది చివరికి. “నువ్వెన్నిసార్లు అడిగినా రాదు.”

“తెలుసండీ.”

“ఇంతకీ క్షమించమని అడుగుతున్నది ఎవరు? బర్నర్ మనిషా, పళ్ళ డాక్టరా? పేరు లేనివాణ్ణి ఎలా క్షమించను?”

అసలు పేరు చెప్పడం సర్వీసు రూల్స్ ప్రకారం నేరం. భార్య దగ్గర కూడా చెప్పకూడదని అతను పెళ్ళి మానుకున్నాడు. బెర్లిన్‌లో రెండు గోళ్ళు పీకినా ఆ పేరు బయటికి రాలేదు.

“లెమ్యుయెల్ స్టబ్స్ అండీ,” అన్నాడు.

అగస్టా చేతులాపి, ఆ పేరుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఫెయిర్‌చైల్డే బాగుంది,” అంది. “సరేలే, కాఫీ తాగు స్టబ్స్.”