లోయర్ బెర్తు నంబర్ పదిహేడు

మండీలో మూడో వరస, నాలుగో తట్ట. దాని కింద చెయ్యి పెట్టి నొక్కితే వెనక గోడ పక్కకి జరుగుతుంది. నూజివీడులో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు జగన్మోహనరావు. పైకి మామిడిపళ్ళ వ్యాపారి, లోపల సీక్రెట్ సర్వీస్ సదరన్ సెక్టర్‌కి చీఫ్. రెండోవాడు ఏజెంట్ కె-19, ఉమాపతి. ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఏ తాళమైనా తీస్తాడు, ఏ వేషమైనా వేస్తాడు. కదులుతున్న లారీ మీంచి కదులుతున్న హెలికాప్టర్ మీదికి దూకాడని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. నిజానికి హెలికాప్టర్ నేలమీదే ఉందట. లారీ మాత్రం కదిలింది, ఆ మాట అబద్ధం కాదు.

1984 మే పన్నెండు. ఉదయం ఏడు గంటలు. గోడ జరిగింది.

"పళ్ళు మగ్గాయా?" చీకట్లోంచి చీఫ్ గొంతు.

"ఇంకా గడ్డిలోనే ఉన్నాయి," అన్నాడు ఉమాపతి విసుగ్గా. ఈ కోడ్ ఎంచినవాళ్ళు ఢిల్లీవాళ్ళు. మే నెలలో నూజివీడు బస్టాండులో దిగి ఇక్కడిదాకా నడిచేలోపు ఇదే ప్రశ్న పదకొండు మంది అడిగారు. పదకొండుసార్లూ అతని చెయ్యి పిస్టల్ మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది.

"కూర్చో. సిల్వర్ స్పైడర్."

ఉమాపతి నిటారుగా కూర్చున్నాడు. సిల్వర్ స్పైడర్ విదేశీ గూఢచారి ముఠా. దాని నాయకుడు విక్టర్. ఆరు భాషలు మాట్లాడతాడు, అరవై వేషాలు వేస్తాడు, ఇంతవరకు ఒక్క పోలీసు కూడా అతని భుజం మీద చెయ్యి వేయలేదు.

"మన తీరం వెంబడి పెడుతున్న కొత్త రాడార్ల ప్లాన్లు లీకయ్యాయి," అన్నాడు చీఫ్. "మైక్రోఫిల్మ్. కొరియర్ ఒక ఆడమనిషి, పేరు సరోజ. ఈ రాత్రి బెజవాడలో మద్రాసు బండి ఎక్కుతుంది. ఎస్-4 బోగీ, ఇరవయ్యో నంబర్ లోయర్ బెర్తు. ఫిల్మ్ నూజివీడు రసాల బుట్టలో ఉంటుంది. ఈ సీజన్లో ఆ బండిలో అలాంటి బుట్ట లేని సీటుండదు గనక ఎవరికీ అనుమానం రాదు. గూడూరులో విక్టర్ స్వయంగా వచ్చి బుట్ట తీసుకుంటాడు. పొద్దున మద్రాసు హార్బర్లో ఓడ ఎక్కుతాడు."

"బెజవాడలోనే బుట్ట పట్టేసుకుంటే?"

"విక్టర్ మాయమైపోతాడు. బుట్ట చేతులు మారేటప్పుడే ఇద్దర్నీ పట్టాలి. అందుకని నీకు పదిహేడో బెర్తు కావాలి. ఎదురు లోయర్. అప్పర్ మీంచి కింది బెర్తు కనపడదు. మిడిల్‌లో నువ్వు కూర్చోలేవు. సైడ్ బెర్తులో నీ కాళ్ళు పట్టవు."

"కోటాలో వేయించండి సార్."

"కోటా అంటే ఫైలు కదలాలి. ఫైలు కదిలితే విక్టర్‌కి తెలుస్తుంది. మామూలు మనిషిలా క్యూలో నిలబడు." చీఫ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఉమాపతీ, బొంబాయి కేసు పోయింది. గోవా కేసు పోయింది. ఇదీ పోతే నిన్ను ఫీల్డులోంచి తీసేయమని ఢిల్లీ ఆర్డర్. ఇక రిటైరయ్యేదాకా ఈ మండీలో తట్టలకి గడ్డి పరుస్తూ ఉండాలి."

*

బెజవాడ రిజర్వేషన్ కౌంటర్ దగ్గర క్యూ మూడు మలుపులు తిరిగి ఉంది. రెండు గంటల పది నిమిషాల తరవాత ఉమాపతి కిటికీ ముందుకి చేరాడు. లోపల గుమాస్తా నారాయణరావు ఫారం అందుకుని, ముందు ఫారాన్నీ తరవాత మనిషినీ చూశాడు.

"వయసు ముప్ఫై నాలుగు. లోయర్ ఎందుకండీ?"

"కావాలండీ."

"మోకాళ్ళ నొప్పులా?"

"లేవండీ."

"మరి? లోయర్ ఒక్కటే ఉంది. పదిహేడు. ఇందాకే క్యాన్సిలయింది. పాపం ఎవరన్నా పెద్దవాళ్ళొస్తే ఇద్దామని అట్టిపెట్టా. మీరు సైడ్ అప్పర్ తీసుకోండి, గాలి బ్రహ్మాండంగా వస్తుంది."

నా బెర్తు మీద దేశరక్షణ ఆధారపడి ఉందయ్యా మహానుభావా అని అరుద్దామనుకున్నాడు ఉమాపతి. సీక్రెట్ సర్వీస్‌లో మొదటి నిబంధనే నోరు మూసుకోవడం. మూసుకున్నాడు. క్యూలోంచి బయటికి వచ్చాడు.

అరగంటలో తెల్లగడ్డం, ముడతల మొహం, వంగిన నడుం, చేతికర్రతో వీరరాఘవయ్య అనే అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి క్యూలో చివర నిలబడ్డాడు. మళ్ళీ రెండు గంటలు. ఈసారి నారాయణరావు కిటికీలోంచి సగం లేచి నమస్కారం పెట్టాడు.

"పెద్దవారు, క్యూలో ఎందుకు నిలబడ్డారండీ? తిన్నగా ముందుకి రాకపోయారా! ఇదిగోండి పదిహేడు. పొద్దుట ఒక దుక్కలాంటి మనిషి వచ్చి దీనికోసం నాతో పేచీ పెట్టుకున్నాడు. ఈ కాలం కుర్రాళ్ళకి సిగ్గూ శరం లేవండీ."

"లేవు నాయనా," అన్నాడు వీరరాఘవయ్య పళ్ళు కొరుకుతూ.

*

రాత్రి తొమ్మిదికి బండి కదిలింది. ఉమాపతి పదిహేడో బెర్తు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చేతికర్రలో పెరిస్కోపు. జేబులోని పెన్నులో ట్రాన్స్‌మిటర్. టిఫిన్ క్యారియర్లో పెరుగన్నం కింద రెండు జతల బేడీలు. ఎదురుగా ఇరవై మీద సరోజ. రాత్రిపూట కూడా నల్లకళ్ళద్దాలు, గులాబిరంగు షిఫాన్ చీర, సినిమా పత్రిక. ఆమె బెర్తు కింద వరిగడ్డి పరిచిన బుట్ట. అలాంటివి ఆ చుట్టుపక్కల ఇంకో తొమ్మిదున్నాయి.

అంతా ప్లాన్ ప్రకారమే ఉంది. సరిగ్గా పన్నెండు నిమిషాలు.

"తమ్ముడూ!"

ఎనభైకి దగ్గర పడిన ఒక ముసలావిడ ఎదురుగా నిలబడి ఉంది. ఆగిరిపల్లి కనకమ్మ. ముప్ఫై ఎకరాల మామిడితోటకి యజమానురాలు. ఆవిడ వెంట నాలుగు బుట్టలు.

"నాకు మిడిల్ ఇచ్చాడు తమ్ముడూ, ఇరవయ్యొకటి. నీ కిందది నాకిచ్చెయ్."

"నేనూ పెద్దవాణ్ణేనండీ అక్కగారూ. అరవై ఎనిమిది."

"నాకు డెబ్భై తొమ్మిది. నీకు మెట్టు మీద మెట్టెక్కే ఓపికుంది. నాకేముంది?"

బోగీ అంతా ఇటు చూసింది. సరోజ పత్రిక దించింది. బెర్తుకోసం ముసలమ్మతో తగూ పెట్టుకునే ముసలాయన అందరికీ గుర్తుండిపోతాడు. గుర్తుండిపోయిన గూఢచారి పనికిరాడు. ఉమాపతి లేచాడు.

ఇరవయ్యొకటి సరిగ్గా సరోజ నెత్తిమీద. ఆమె కనపడదు సరికదా, ఆమె ఊపిరి కూడా వినపడదు. పోనీ పెరిస్కోపు దించుదామని అతను కర్ర కోసం వెతికాడు.

"నీ కర్ర తీసుకున్నాలే తమ్ముడూ," కింద నుంచి కనకమ్మ. "రాత్రి బాత్‌రూముకి లేవాలిగా."

ఈలోగా టిక్కెట్ కలెక్టర్ వచ్చి, చార్టులో టిక్కు పెట్టడానికి పెన్ను అడిగి, పని కాగానే అలవాటుగా తన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ట్రాన్స్‌మిటర్ పక్క బోగీకి పోయింది.

బాపట్ల దాటాక భుజం మీద ఒక చెయ్యి పడింది. జి. కొండూరు స్కూల్లో టీచరు ఇన్నయ్య. నిలువెత్తు మనిషి, గొంతు మాత్రం చిన్నది.

"మాస్టారూ, మా ఆవిడ జోజమ్మకి మీ ఎదురు మిడిల్ వచ్చింది. నాకేమో అక్కడ సైడ్ అప్పర్, ఇరవై నాలుగు. తనకి రాత్రి మందులివ్వాలి. మీరు కాస్త అటు..."

"నేను ఎక్కలేను బాబూ! ముసలివాణ్ణి!"

"మీరెక్కడం ఎందుకండీ? నేనెక్కిస్తాగా."

కాదనేలోపు ఇన్నయ్య అతన్ని నడుం పట్టుకుని తట్ట ఎత్తినట్టు ఎత్తి ఇరవై నాలుగు మీద పెట్టేశాడు. "ఏవండీ, తాతగారికి దిండివ్వండి," అంది జోజమ్మ జాలిగా. లారీ మీంచి దూకిన ఏజెంట్ కె-19 మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పాత గొడుగులా ముడుచుకుని పడుకున్నాడు. అక్కడినుంచి అతనికి కనపడేవి ఒక ఫ్యాను, ఇన్నయ్య పాదాలు. పొద్దున్నుంచి నాలుగ్గంటల పైన నిలబడి సంపాదించిన లోయర్ బెర్తులో కనకమ్మ గుర్రు పెడుతోంది.

ఒంగోలు. బండి ఆగింది. సరోజ టీ కోసం దిగినట్టుంది, చెప్పుల చప్పుడైంది. వెంటనే కింద గడ్డి గలగలలాడింది. బుట్ట! ఉమాపతి ఒక్క గెంతు గెంతాడు.

నేలమీద కనకమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చుట్టూ మూతలు తీసిన బుట్టలు, తనవీ పరాయివీ.

"ఏంటి తమ్ముడూ ఆ గెంతడం, ఈ వయసులో? పళ్ళు సర్దుతున్నా. ఈ ఉక్కకి ఒక్కటి చెడితే తెల్లారేసరికి బుట్టంతా పోద్ది. నీ బుట్టేదీ?"

"నాకు బుట్ట లేదండీ."

"బుట్ట లేకుండా మే నెల్లో మద్రాసు పోతున్నావా? ఎవరింటికి పోతావయ్యా ఉత్తచేతుల్తో?" ఆవిడ అతన్ని మొదటిసారి అనుమానంగా చూసింది. "ఇన్నయ్యా! ఈయన్ని పైకెక్కించు నాయనా."

ఇన్నయ్య నిద్రకళ్ళతోనే ఎక్కించాడు.

*

నాలుగున్నరకి గూడూరు వచ్చింది. నీలం బల్బు వెలుతుర్లో ఎర్రచొక్కా, ఇత్తడి బిళ్ళతో ఒక కూలీ బోగీలోకి వచ్చాడు. బెర్తు నంబర్లు చదువుకుంటూ ఇరవై దగ్గర ఆగాడు.

"బుట్ట దింపాలా అమ్మా?"

"దింపు," అంది సరోజ.

అరవై వేషాలు వేసిన విక్టర్‌కి ఈ అరవయ్యొకటో వేషం అన్నివిధాలా కుదిరింది. బీడీ వాసన కూడా పట్టించుకొచ్చాడు. అతను వంగి బుట్ట తీసి, రెండు చేతులతో గుండెకి హత్తుకుని జాగ్రత్తగా అడుగు వేశాడు.

పదిహేడు మీద కనకమ్మ లేచి కూర్చుంది.

"ఒరేయ్! కూలీ అన్నవాడు బుట్ట నెత్తిన పెట్టుకుంటాడు గానీ, చంటిబిడ్డలా చంకనేసుకుంటాడా? దొంగ! దొంగోయ్!"

విక్టర్ పరుగందుకున్నాడు. ఉమాపతి పైనుంచి దూకాడు. కానీ గంటల తరబడి మడిచిపెట్టిన కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. దూకడం దూకడంగా కాక కొబ్బరిబొండాం రాలినట్టు సాగి, ఆరడుగుల రెండంగుళాలూ నేరుగా విక్టర్ వీపు మీద పడ్డాయి. తెల్లగడ్డం బెర్తు గొలుసుకి చిక్కుకుని అక్కడే వేలాడుతూ ఉండిపోయింది.

"జోజమ్మా, లే!" ఇన్నయ్య అరిచాడు. "తాతగారు పడుచువాడైపోయాడు!"

బేడీలు పడ్డాయి. కేకలకి ప్లాట్‌ఫారం మీంచి ఇద్దరు రైల్వే పోలీసులు ఎక్కారు. విక్టర్ మాత్రం నవ్వుతున్నాడు.

"నేను కూలీని. ఆ అమ్మ దింపమంది, దింపాను. నా నేరమేమిటి? సాక్ష్యం చూపించండి."

బుట్ట బోర్లించారు. ఉమాపతి నలభై ఎనిమిది పళ్ళూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. రసం మోచేతిదాకా కారింది. ప్రతి పండులోనూ నికార్సైన టెంక ఉంది. ఫిల్మ్ లేదు.

"సాక్ష్యం లేకపోతే ఈయన్ని దింపేసి వదిలెయ్యాలి సార్," అన్నాడు పెద్ద కానిస్టేబుల్. "సిగ్నల్ ఇచ్చేశారు."

మండీ, తట్టలు, గడ్డి ఉమాపతి కళ్ళముందు కదిలాయి. అతను రెండో జత బేడీలతో సరోజ వైపు తిరిగాడు. ఆమె నల్లకళ్ళద్దాలు తీసి, పత్రిక అట్ట చీల్చి, లోపలున్న గుర్తింపు కార్డు చూపించింది.

"కె-7. మూడేళ్ళుగా వీళ్ళ ముఠాలో మన మనిషిని. డబుల్ ఏజెంట్‌ని."

"చీఫ్ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరింత సహజంగా చిరాకు పడేవారు కాదు. ఆ చిరాకు చూసి నేను కూడా మిమ్మల్ని నిజం ముసలాయనే అనుకున్నా." ఆమె మొహం పాలిపోయి ఉంది. "ఫిల్మ్ పైవరసలో పండులో ఉండాలి. ముచ్చిక కోసి, టెంక తీసి, గొట్టం పెట్టి మళ్ళీ అతికించారు. ఒంగోలుదాకా ఉంది, నేను చూశాను!"

బండి కూత వేసింది. విక్టర్ బేడీల చేతులు కానిస్టేబుల్ ముందుకి చాపాడు.

"ముచ్చిక అతికించిన పండా?" కిటికీ దగ్గర నుంచి కనకమ్మ. "అది నీదేనా అమ్మాయ్? ఎవడో నిన్ను నిలువునా మోసం చేశాడు. సొన వాసన లేదు, నొక్కితే లోపల డబ్బా చప్పుడు. పుట్టి బుద్ధెరిగి అలాంటి రసం చూళ్ళేదు. అది తీసేసి మా తోట పండొకటి నీ బుట్టలో పెట్టా."

"అదెక్కడుంది మామ్మగారూ?" ఉమాపతి గొంతు కీచుమంది.

"ఇదిగో, పారేస్తున్నా," అంది ఆవిడ.

అప్పటికే ఆవిడ చెయ్యి ఊచల్లోంచి బయట ఉంది. వేళ్ళు విడిపోయాయి. ఉమాపతి జోజమ్మ మందుల సంచీ మీంచి, కనకమ్మ ఒళ్ళోంచి దూసుకుపోయి చేతిని భుజందాకా ఊచల్లోకి తోశాడు. కదిలిన బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందులోకి జారుతున్న పండు అతని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఆగింది.

గట్టిగా నొక్కాడు. ముచ్చిక ఊడింది. వెండిరంగు గొట్టం బయటికొచ్చింది.

విక్టర్ నవ్వు ఆగిపోయింది.

*

బండి వేగం అందుకుంది. టిక్కెట్ కలెక్టర్ చార్టు పట్టుకుని వచ్చాడు. జేబులో ఉమాపతి పెన్ను మెరుస్తోంది.

"ఖైదీని మద్రాసుదాకా తీసుకెళ్ళాలంటే బెర్తు చూపించాలండీ. చేతులకి బేడీలున్న మనిషి పైకెక్కలేడు. లోయరే ఇవ్వాలి."

"నాది ఇచ్చేయండి," అంది సరోజ, వెళ్ళి కనకమ్మ పక్కన కూర్చుంటూ.

సిల్వర్ స్పైడర్ నాయకుడు విక్టర్ ఇరవయ్యో నంబర్ లోయర్ మీద సుఖంగా కాళ్ళు చాపుకున్నాడు. కనకమ్మ జాలిపడి అతనికో పండు కూడా ఇచ్చింది. కానిస్టేబుళ్ళు అతని పాదాల దగ్గర సర్దుకున్నారు.

"మీకు ఇరవై నాలుగు ఉంది కదండీ," అన్నాడు టిక్కెట్ కలెక్టర్ ఉమాపతితో. "సైడ్ అప్పర్. గాలి బ్రహ్మాండంగా వస్తుంది."

ఉమాపతి ఇరవై నాలుగు వైపు చూశాడు. గొలుసుకి వేలాడుతున్న గడ్డాన్ని చూశాడు. చేతులు చాపి ముందుకొస్తున్న ఇన్నయ్యని చూశాడు. ఇక మాట్లాడకుండా రెండో జత బేడీలు తన చేతులకే వేసుకుని, తాళం చెవి కిటికీలోంచి బయటికి విసిరి, "ఇప్పుడు చెప్పండి, నాకెక్కడ లోయరు?" అన్నాడు.