గోడలో గలగల

కొత్త రాజోలులో అన్నానికి కూర్చున్నవాళ్ళు ముందు వీపు గోడకి ఆనించి, ఆ తర్వాతే కంచం దగ్గరికి లాక్కుంటారు. ఊరేమో అంగారకుడి మీద, ఓ లోయలో, గాజుకప్పు కింద ఉంది. కప్పు బయట చలికి ఇనుము కూడా పెళుసెక్కుతుంది. లోపల గోడలు మాత్రం, మనిషి అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా వెచ్చగా ఉంటాయి.

ఆ వేడంతా భానురేఖ చలవే.

ఆవిడ కనిపెట్టినదాని పేరు ఉష్ణనాడి. రియాక్టరు దగ్గర కాగిన ఉప్పుద్రవం గోడల్లోని గొట్టాల్లో పడి ఇంటింటికీ పారుతుంది. అవి మామూలు గొట్టాలైతే ఈ కథే లేదు. కండరాల్లాగా వాటంతట అవే బిగుసుకుంటాయి, వదులవుతాయి, కావాలంటే ఓ పక్కకి సర్దుకుని చోటిస్తాయి కూడా. మోకాళ్ళ నొప్పులాయన ఎక్కడ కూర్చుంటే వేడి అక్కడికి వస్తుంది. వీటిని నడిపే బుద్ధియంత్రానికి భానురేఖ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. 'వెచ్చమ్మ' అనేశారు, పేరు స్థిరపడిపోయింది.

ఇంట్లో మాటలన్నీ వినే యంత్రమనేసరికి జనం మొదట్లో హడలిపోయారు. వాళ్ళ భయం తీరడానికి భానురేఖ దానికి మొట్టమొదటి నియమం నేర్పింది: ఎవరైనా దాచమన్న మాట ఇంకెవరికీ చెప్పకూడదు, కనిపెట్టిన నాక్కూడా.

ఇప్పుడా గోడల్లోంచి చప్పుళ్ళు. ఉండుండి ఓ ఠప్పు. కాసేపటికి గలగల. ఆ పైన ఎవరో చేటతో చెరుగుతున్నట్టు సరసర.

"రేపు సాయంత్రంలోగా కారణం చెప్పండి భానురేఖ గారూ," అన్నారు పెద్ద స్థావరం నుంచి తనిఖీకి వచ్చిన కైలాసం గారు. "లేకపోతే మొత్తం పీకించేస్తాను. గొట్టం పగిలి ఏ పసిపిల్ల మీదో పడితే ఎవరిది పూచీ?"

పీకిస్తే మళ్ళీ పాత హీటర్లు, బొంతలాంటి సూట్లు తొడుక్కుని నిద్రలు. భానురేఖ పదేళ్ళ కష్టం పాతసామాన్ల కొట్టుకి పోతుంది. కారణం పట్టుకునేదాకా కుదురుగా కూర్చోకూడదని ఆవిడ ఒట్టేసుకుంది. భోజనానికి మాత్రం కూర్చుంది, మామగారు వదల్లేదు కాబట్టి.

"ఏమ్మాయ్, మీ వెచ్చమ్మకి అజీర్తి చేసినట్టుందే. కాస్త వాంపొడి పట్టించు," అన్నాడు మామగారు సత్తిరాజు, కోడలి పెరుగన్నంలో వేయించిన చల్లమిరపకాయ పడేస్తూ.

"మీకన్నీ ఎకసెక్కాలే మావయ్యగారూ." ఆవిడ మిరపకాయని కరకర నమిలింది. రుచి తెలిస్తేగా? బుర్రంతా గోడలోనే ఉంది. అతిథిగా వచ్చిన కైలాసం గారు మాత్రం తొడిమ దాకా తినేసి, ముసలాయన చెవిలో ఏదో గొణిగారు. ముసలాయన కన్ను గీటాడు.

చెయ్యి కడుక్కుంటూనే భానురేఖ అడిగింది.

"వెచ్చమ్మా, ఏంటా చప్పుడు?"

"ప్రమాదమేమీ లేదమ్మా."

"ప్రమాదం సంగతి అడగలేదు. చప్పుడేంటని."

"గొట్టాలన్నీ దివ్యంగా ఉన్నాయమ్మా."

అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పే ఆ తీరు మనుషుల్లో చూసిందే గాని, యంత్రంలో ఎప్పుడూ చూడలేదు. సెన్సర్లన్నీ వెచ్చమ్మ చేతిలోవే. అందుకని భానురేఖ ఓ స్టీలు గ్లాసు పట్టుకుని, గోడగోడకీ ఆనించి చెవి పెట్టడానికి బయల్దేరింది.

"ఆయ్, మా ఇంట్లో చప్పుడేంటండీ? పక్కింటోళ్ళని అడగండి," అంది మొదటి ఇంటి చిట్టెమ్మ, గోడకి అడ్డంగా నిలబడి. పక్కింటివాళ్ళు చిట్టెమ్మ ఇల్లు చూపించారు. విచిత్రమేమిటంటే, భానురేఖ గుమ్మంలో అడుగు పెట్టగానే ఏ ఇంట్లోనైనా చప్పుడు టక్కున ఆగిపోతోంది.

అంటే తను వస్తున్నట్టు దానికి తెలుస్తోందన్నమాట!

ఎవరెక్కడున్నారో వెచ్చమ్మకి తెలిసేది మెడలో వేసుకునే గుర్తుబిళ్ళ వల్ల. మర్నాడు మధ్యాహ్నం భానురేఖ ఆ బిళ్ళ తీసి, వీధుల్లో తనంతట తాను తిరిగే చెత్తబండికి కట్టేసింది. బండి ఊరి చివరికి పోయింది. ఆవిడ చెప్పులు విప్పి, పిల్లిలా గోడవెంట నడిచింది.

గలగల మొదలైంది. గోడ మీద చెయ్యి వేసింది. లోపల గొట్టం లయగా ఊగుతోంది. ఆ ఊపుని చేత్తో తడుముకుంటూ, వీధి మలుపు తిరిగి, ఓ గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళింది. తలెత్తి చూస్తే అది తన వంటిల్లే!

స్టూలు మీద సత్తిరాజు. ఠప్పుమని ఊడే గోడపలక తీసి ఉంది. లోపల గొట్టం పక్కకి సర్దుకుని ఇచ్చిన చోట్లో తెల్లగుడ్డ, గుడ్డ మీద చల్లమిరపకాయలు. గొట్టం మెల్లిగా ఊగుతూ వాటిని తిరగేస్తోంది.

"పలక తియ్యడం నేరం మావయ్యగారూ!"

"ఎండ లేని ఊరికి తీసుకొచ్చావు కదమ్మాయ్. మిరపకాయలు నీ నెత్తిన ఎండబెట్టమంటావా? రోజూ నంజుకుంటున్నావు, ఎక్కడ ఎండాయని ఒక్కనాడైనా అడిగావా?"

భానురేఖ ఓ మిరపకాయ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"చిట్టెమ్మవి మినప వడియాలు," అన్నాడాయన, మెల్లిగా స్టూలు దిగుతూ.

"వెచ్చమ్మా! నాతో ఎందుకు చెప్పలేదే?"

"దాచమన్న మాట మీక్కూడా చెప్పొద్దని మీరే నేర్పారమ్మా."

ఆవిడ గొట్టం ఒత్తిడి కొలిచింది, అతుకులు తడిమింది, వేడి చూసింది. లోపం లేదు. నిజం చెబితే? కైలాసం గారు ఆ నియమాన్నే చెరిపించేస్తారు. రేపట్నుంచి ఏ ఇంట్లోనూ ఎవరూ నోరు విప్పరు.

సాయంత్రం ఆయన ముందు నిలబడింది.

"పరీక్ష చేశానండి. గొట్టాలు సర్దుకునే చప్పుడు. ప్రమాదం లేదు."

ఇంకా వంద ప్రశ్నలు వేస్తారని కాగితాలు తీయబోయింది.

"అంతేనా? సరే సరే. పీకించే పని లేదు," అని కైలాసం గారు హడావిడిగా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

భానురేఖ గోడకి వీపు ఆనించి ఊపిరి పీల్చుకుంది. తర్వాత గోడ దగ్గరగా నోరు పెట్టి, "వెచ్చమ్మా, మిరపకాయల సంగతి ఎవరికీ చెప్పకే," అంది.

"చెప్పనమ్మా. ఈ ఊళ్ళో ఆ మాట అననివాళ్ళు మీరొక్కరే మిగిలారు."

"నేనొక్కదాన్నేనా? మరి కైలాసం గారు..."

"గొట్టాలన్నీ దివ్యంగా ఉన్నాయమ్మా," అంది వెచ్చమ్మ. అతిథిగది గోడలో ఏదో ఠప్పుమంది. ఆ వెంటనే సన్నగా గలగల.